రాళ్ళు చక్రంలా తిరగవు: హనుమకొండ నుండి గోదావరి దాకా

బడి పుస్తకాల్లో రాళ్ళ పాఠం ఉన్నచోట ఒక గుండ్రటి బొమ్మ తప్పకుండా ఉంటుంది. పైన అగ్నిశిల, ఒక పక్క అవక్షేప శిల, మరొక పక్క రూపాంతర శిల, వాటి నడుమ ఇటునుండి అటు, అటునుండి ఇటు బాణం గుర్తులు. దాని పేరు శిలాచక్రం. ఆ బొమ్మలో అబద్ధం లేదు. కరిగిన రాయి చల్లారి గట్టిపడుతుంది, గట్టి రాయి అరిగి ఇసుక అవుతుంది, ఇసుక అడుగున పడి నలిగి మళ్ళీ రాయి అవుతుంది, ఆ రాయి ఇంకా లోతుకు పోయి వేడికీ ఒత్తిడికీ మారిపోతుంది. అయినా ఈ హనుమకొండ ప్రాంతంలో పుట్టి, ఇక్కడి పిల్లలకే సామాన్యశాస్త్రం చెప్పినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, ఆ బొమ్మను మొదట నేర్పినందువల్ల ఊరి చుట్టూ ఉన్న గుట్టలు మనకు కనిపించకుండా పోతున్నాయి. చక్రాన్ని ఎక్కడ నుండి మొదలుపెట్టినా ఒకటే. చరిత్ర అలా ఉండదు. ఏది ముందు, ఏది తరువాత, ఏ చోట, ఎంతకాలం, ఏది ఒకసారి జరిగి మళ్ళీ జరగలేదు అన్న ప్రశ్నలు లేకుండా చరిత్ర ఉండదు. రాళ్ళ విషయంలో అసలు తెలుసుకోదగినవి ఆ ప్రశ్నలే.

ఒకసారి తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "సార్, మరి మన పద్మాక్షి గుట్ట మళ్ళ మట్టి ఎప్పుడైతది?" అని అడిగాడు. మిగతావాళ్ళు నవ్వారు గానీ అది నవ్వదగిన ప్రశ్న కాదు. బొమ్మలోని బాణాన్ని నమ్మినవాడు అడగవలసిన ప్రశ్నే అది. గట్టి గ్రానైట్ బండ పైభాగం అరిగే వేగం సాధారణంగా పది లక్షల ఏళ్ళకు కొన్ని మీటర్లు మాత్రమే. గుట్ట మీది జైన శిల్పాలను చెక్కినవాళ్ళ నాటికీ మన నాటికీ నడుమ గడిచిన తొమ్మిది వందల ఏళ్ళలో ఆ లెక్కన అరిగింది కొన్ని మిల్లీమీటర్లు. ఆ గుట్ట వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరాలు కనుక, భూమి ఆయుష్షులో సగానికి పైగా ఆ రాయి రాయిగానే ఉన్నది. చక్రంలో అది ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేదు.

ఈ గ్రానైట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ ప్రాంతాల్లో మనం ఇల్లు కట్టుకున్నా, బావి తవ్వినా, పొలం దున్నినా దీని మీదనే. గ్రానైట్ భూమి పైన పుట్టదు. కొన్ని కిలోమీటర్ల లోతున, సుమారు ఏడు వందల డిగ్రీల వేడిలో, కరిగిన పదార్థం చాలా నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు ఖనిజాలు ఒకదాని పక్కన ఒకటి తీరికగా పెరుగుతాయి. అందుకే గుట్ట మీద ఏ బండను దగ్గరగా చూసినా గింజలు గింజలుగా కనిపిస్తుంది: గాజులా మసక తెలుపులో మెరిసేది క్వార్ట్జ్, గులాబీ రంగులోనో పాలతెలుపులోనో ఉండేది ఫెల్డ్‌స్పార్, నల్లటి చుక్కలు అభ్రకం గానీ హార్న్‌బ్లెండ్ గానీ. గింజ పెద్దదైనకొద్దీ చల్లారడానికి అంత ఎక్కువ కాలం పట్టిందని అర్థం. అలా లోపల పుట్టిన రాయి ఇవాళ మన కాళ్ళ కింద ఉన్నదంటే, దాని మీద ఉండిన కిలోమీటర్ల మందం రాయి ఎప్పుడో అరిగి కొట్టుకుపోయిందన్న మాట. మనం నిలబడి ఉన్నది ఒక పాత పర్వతాల పునాది మీద. ఆ పర్వతాలు లేవు. వాటి ఆనవాలు పునాదే.

మీది బరువు పోయినప్పుడు కింది రాయి ఊరికే ఉండదు. ఒత్తిడిలో పుట్టిన రాయి ఒత్తిడి తగ్గగానే కొంత సాగుతుంది, నేలకు సమాంతరంగా ఉల్లిపొరల్లా పగులుతుంది. ఈ సంగతి పుస్తకం రాసినవాళ్ళ కంటే ముందు వడ్డెర పనివాళ్ళకు తెలుసు. పరుపుబండ మీద మంట పెట్టి, రాయి ఏ వాటున లేస్తుందో చప్పుడును బట్టి గుర్తుపట్టి, సమ్మెటతో, గడ్డపారతో పలకలు పలకలుగా లేపడం ఆ పగుళ్ళ మీద ఆధారపడిన విద్య. మనం చదువు అని పిలిచేదానిలో దానికి చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

నిలువు పగుళ్ళు మరొక పని చేస్తాయి. వాన నీరు వాటి వెంట దిగి ఫెల్డ్‌స్పార్‌ను నెమ్మదిగా బంకమట్టిగా మారుస్తుంది. క్వార్ట్జ్ మాత్రం లొంగదు, గింజగా విడిపోయి ఇసుకగా మిగులుతుంది. ఈ సగం కుళ్ళిన రాయినే మనం మొరం అంటాము, రోడ్ల మీద, ఇళ్ళ పునాదుల్లో పోసుకుంటాము. దాని పైన ఉండే ఎర్ర చెల్క, దుబ్బ నేలలు ఇదే మార్పులో తరువాతి మెట్లు. పగుళ్ళ నడుమ చిక్కుకున్న గట్టి ముద్దలు అన్ని మూలల నుండీ అరిగి గుండ్రబడతాయి, చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయాక గుండ్లుగా బయటపడతాయి. గుట్టల మీద గుండు మీద గుండు ఎవరో పేర్చినట్టు కనిపించేవాటిని ఎవరూ పేర్చలేదు. అవి నేల లోపల ఉన్నచోటనే గుండ్రమయ్యాయి, తరువాత నేల కిందికి దిగింది.

ఇక ఏది ముందు ఏది తరువాత అన్న ప్రశ్న. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల క్వారీల్లో ఎర్రటి, గోధుమ రంగు గ్రానైట్‌ను నిట్టనిలువునా కోసుకుంటూ పోయే నల్లరాయి గోడలు కొన్నిచోట్ల కనిపిస్తాయి. వీటిని డైకులు అంటారు. గ్రానైట్ ఎప్పుడో చల్లారి పగిలిన తరువాత, ఆ పగుళ్ళలోకి లోతు నుండి కరిగిన పదార్థం ఎగదన్ని సన్నగింజల డోలరైట్‌గా గట్టిపడింది. గ్రానైట్ కంటే త్వరగా చల్లారింది కనుక గింజలు చిన్నవి. బజారులో దీనిని కూడా గ్రానైట్ అనే అమ్ముతారు గానీ పుట్టుకలో రెండింటికీ పోలిక లేదు. కోసినది కోయబడినదాని కంటే చిన్నది అన్న ఒక్క సూత్రంతో, ఏ పరికరమూ లేకుండా, పదో తరగతి పిల్లవాడు క్వారీ గోడ మీద కాలక్రమం చెప్పగలడు. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో జేమ్స్ హట్టన్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు గమనించినది ఇటువంటిదే: అక్కడ గ్రానైట్ తీగలు వేరే పాతరాతిలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. గ్రానైట్ ఒకప్పుడు కరిగి ఉండేదని, అన్ని రాళ్ళకంటే అది ముందుది కాదని అప్పటినుండి వాదించడం సాధ్యమైంది. నల్లరాయిని కోసి విదేశాలకు పంపుతున్న మన జిల్లాల్లో ఆ వాదన పిల్లలకు చూపడానికి స్కాట్లండ్ అవసరం లేదు.

హట్టన్ పేరు వచ్చింది కనుక మరొక మాట. శిలాచక్రం అన్న ఆలోచనకు మూలం ఆయనే. అయితే ఆయనను అందరికంటే ఎక్కువగా కదిలించిన దృశ్యం చక్రానికి సంబంధించినది కాదు. 1788లో ఆయన సిక్కార్ పాయింట్ అనే సముద్రపు ఒడ్డున నిలువుగా నిలబడిన రాతి పొరల మీద అడ్డంగా పరుచుకున్న వేరే పొరలను చూశాడు. కింది పొరలు సముద్రంలో పేరుకొని, గట్టిపడి, మడతపడి, పైకి లేచి, అరిగిపోయిన తరువాతనే పైపొరలు వాటి మీద పడ్డాయి. రెండింటి నడుమ ఉన్నది ఒక గీత. ఆ గీతలో సుమారు 6.5 కోట్ల సంవత్సరాలు మాయమయ్యాయని ఇవాళ లెక్క చెబుతారు.

మన దగ్గర ఉన్న గీత దానికంటే చాలా పెద్దది. హనుమకొండ నుండి ములుగు రోడ్డు మీద పోతుంటే, ఆత్మకూరు దాటాక గుట్టల తీరు మారడం గమనించవచ్చు. గుండ్రటి గుండ్లు తగ్గిపోతాయి, పొడుగ్గా సాగిన, పైన చదునైన వరుసలు మొదలవుతాయి. మల్లంపల్లి దరిదాపుల నుండి మనం గ్రానైట్ నేలను వదిలి పొరల రాళ్ళ మీదికి వస్తాము. 19వ శతాబ్దంలో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ గోదావరి లోయ అంతా తిరిగి ఆ రాళ్ళకు మన పాఖాల చెరువు పేరు పెట్టాడు. తరువాత వచ్చినవాళ్ళు వాటిని ఇంకా విడదీసి మల్లంపల్లి, ములుగు పేర్లు పెట్టారు. భూగర్భశాస్త్రం చదివే ఏ దేశపు విద్యార్థి అయినా ఈ లోయ గురించి చదివితే మన బస్సు స్టేజీల పేర్లు పలకవలసిందే. మన పిల్లలకు ఆ సంగతి చెప్పినవారు ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే.

ఈ పాఖాల రాళ్ళ అడుగుపొరల్లో గులకరాళ్ళు, ముతక ఇసుక గింజలు ఉంటాయి. అవి పక్కనున్న గ్రానైట్ అరిగి వచ్చిన సరుకు. వాటి మీద సున్నపురాయి, డోలమైట్, పలకబారిన బురదరాయి, గట్టి క్వార్ట్జైట్. వీటి వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరాలు. కింది గ్రానైట్‌కు 250 కోట్లు. అంటే ఒక అడుగు గ్రానైట్ మీద, మరొక అడుగు దాని మీది తొలిపొర మీద పెట్టి నిలబడినవాడు సుమారు 90 కోట్ల సంవత్సరాల ఎడాన్ని దాటి నిలబడినట్టు. ఆ కాలమంతా ఇక్కడ ఏమీ జరగలేదని కాదు. ఆ కాలంలోనే కిలోమీటర్ల మందం నేల అరిగిపోయింది, లోపలి గ్రానైట్ వెలుగు చూసింది, డైకులు చొచ్చుకువచ్చాయి. అయితే దానిని రాసిపెట్టిన పొర ఇక్కడ ఒక్కటీ మిగలలేదు. శిలాచక్రం బొమ్మలో లేనిది ఈ ఖాళీయే. బాణం గుర్తు గీయగానే నడుమ ఉన్నదంతా నిండిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి నేల మీద ఎక్కువ భాగం కాలం లెక్కలేకుండా పోయిన కాలమే.

చక్రం బొమ్మ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇంకొకటి. అదే చుట్టు మళ్ళీ మళ్ళీ తిరుగుతుందన్న భావన అది కలిగిస్తుంది. తిరిగిన ప్రతిసారీ ప్రపంచం వేరు. ములుగు రాళ్ళు పేరుకున్న నాడు భూమి మీద గడ్డిపోచ లేదు, చెట్టు లేదు, వేరు లేదు. మట్టిని పట్టి ఉంచేది ఏదీ లేనందువల్ల వాన కురిస్తే ఇసుక, గులకరాళ్ళు అడ్డూ ఆపూ లేకుండా పారేవి. ఆ సముద్రాల ఒడ్డున సూక్ష్మజీవుల పరుపులు తప్ప మరొక జీవం ఉండినట్టు చెప్పలేము. ఆ రాళ్ళలో ఎక్కడ వెదికినా బొగ్గు దొరకదు, దొరకడానికి వీలు లేదు, బొగ్గు కావడానికి అడవి కావాలి. అదే లోయలో, చాలా తరువాత, 30 కోట్ల ఏళ్ళకు ఇటువైపు, మొదట మంచుపలకలు ఈడ్చి తెచ్చిన రాళ్ళ గుట్టలు పడ్డాయి. గోదావరిఖని ఎండాకాలం ఎరిగినవాడికి ఇది నమ్మబుద్ధి కాదు గానీ అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, గోండ్వానా అనే పెద్ద ఖండంలో భాగంగా ఉండేది. మంచు వెనక్కి పోయాక చిత్తడి నేలల్లో గ్లోసాప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగాయి, పడిపోయాయి, బురదలో మునిగాయి, ఆ మీద ఇసుక పడింది. లోయ అడుగు కుంగుతూ ఉన్నందువల్ల పొర మీద పొర వేల మీటర్ల మందం పేరుకొని, లోపల నలిగి బొగ్గు అయింది. 1871లో ఇల్లందు దగ్గర అదే విలియం కింగ్ గుర్తించిన బొగ్గు ఇదే, సింగరేణి కథకు మొదలు అదే. ఆ తరువాత కొన్ని కోట్ల ఏళ్ళకు అదే లోయలో, ఇవాళ కోట అనే ఊరి పేరుతో పిలిచే పొరలు పేరుకున్న కాలంలో, డైనోసార్లు తిరిగాయి. యామనపల్లి అనే ఊరి దగ్గర దొరికిన ఎముకలకు కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు, ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉన్నది.

బొగ్గు ఒకప్పుడు సాధ్యం కానిది తరువాత సాధ్యమైంది. దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉన్నది. జగిత్యాల, కరీంనగర్ పరిసరాల్లో చారలు చారలుగా ఉండే ఇనుపరాయి కనిపిస్తుంది. గాలిలో, నీటిలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న కాలపు సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము అడుగున పేరుకొని ఇటువంటి రాళ్ళు ఏర్పడ్డాయి. గాలిలో ఆక్సిజన్ పెరిగాక ఆ తీరు రాళ్ళు అంత భారీగా ఏర్పడడం దాదాపు ఆగిపోయింది. నిజామాబాద్ వైపు కోనసముద్రం కమ్మరుల ఉక్కు ఒకప్పుడు పర్షియా వర్తకుల దాకా పోయిందంటే, దాని వెనుక ఉన్నది ఈ పాత భూమి చేసిపెట్టిన ఇనుము. బొమ్మలో దీనికి బాణం ఎటు గీయాలి?

రూపాంతర శిలల గురించి ఎక్కువ చెప్పను, అవి మన రోడ్డు మీద అంత తేలికగా కంటపడవు. కరీంనగర్ దగ్గర కొన్ని రాళ్ళు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ లోతున, ఎనిమిది వందల డిగ్రీలకు దగ్గరైన వేడిలో ఉడికి, కరగకుండానే లోపలి ఖనిజాలు మార్చుకొని పైకి వచ్చినవి. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టలో దొరికే ఎర్రటి గార్నెట్లు కూడా అటువంటి మార్పులోనే పుట్టాయి, పాతకాలంలో పూసలుగా దూరదేశాలకు పోయాయి.

ఆదిలాబాద్, నిర్మల్ వైపు నల్లరేగడి సంగతి కూడా ఒక్కసారి జరిగినదే. 6.6 కోట్ల సంవత్సరాల నాడు దక్కన్ పీఠభూమి పడమటి భాగమంతా లావాతో పరుచుకున్నది, ఆ లావా అంచు మన రాష్ట్రపు వాయవ్యాన్ని తాకింది. ఆ బసాల్ట్ కుళ్ళి రేగడి అయింది, నీటిని పట్టి ఉంచే ఆ నేలలో పత్తి నిలిచింది. గ్రానైట్ కుళ్ళిన చెల్కలో వాన తప్పితే పత్తి వాడిపోతుంది. ఒకే పంట, ఒకే రాష్ట్రం, రెండు రకాల రైతు కష్టం. తేడా కింది రాయి పుట్టుకలో ఉన్నది.

ఇంత చెప్పిన తరువాత చక్రాన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. మానేరు ఇసుకను చేతిలోకి తీసుకొని చూస్తే క్వార్ట్జ్ గింజలు కనిపిస్తాయి, ఎగువన గ్రానైట్ నేలలు అరిగి వచ్చినవి. వందకోట్ల ఏళ్ళకు పైబడిన ఇసుకరాయిలో కనిపించేవి కూడా అటువంటి గింజలే. ఒక క్వార్ట్జ్ గింజ ఇసుక నుండి రాయికి, రాయి నుండి ఇసుకకు అనేకసార్లు మారుతుందన్నది నిజం. ఇప్పుడు మనుషులు కూడా అందులో చేరారు. భూపాలపల్లిలో, రామగుండంలో ఓపెన్‌కాస్టు గనుల పక్కన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు లేచాయి, బొగ్గు పైనున్న ఇసుకరాయిని పగలగొట్టి పోసిన కుప్పలు అవి. కోట్ల ఏళ్ళు నలిగి రాయి అయినది కొన్ని వానాకాలాల్లో మళ్ళీ ఇసుకగా, బురదగా వాగుల్లోకి దిగుతున్నది. బొమ్మలోని ఆ ఒక్క బాణాన్ని మాత్రం మనం చాలా లావుగా గీశాము.

పాలంపేట రామప్ప గుడిని నేను పిల్లలకు ఈ కోణంలో చూపిస్తాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో గోడలకు ఎర్రటి ఇసుకరాయి, సన్నటి నగిషీ కావలసిన స్తంభాలకు, మదనికలకు నల్లటి డోలరైట్, మీది శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుక. ఇసుకరాయి మెత్తగా తెగుతుంది గానీ అంచు నిలవదు. డోలరైట్ సన్నగింజలది కనుక వెంట్రుకవాసి గీత కూడా నిలుస్తుంది, అద్దంలా నునుపు తేరుతుంది. గ్రానైట్ గింజలు లావు కనుక ఆ పనికి రాదు. ఆ శిల్పులు అగ్నిశిల, అవక్షేప శిల అన్న పేర్లు ఎరగరు. ఏ రాయి ఎలా తెగుతుందో ఎరుగుదురు, అది ఆ రాయి ఎలా పుట్టిందో దాని మీదనే ఆధారపడి ఉన్నది.

పుస్తకంలోని పేర్లకూ నేలలోని చరిత్రకూ ఉన్న ఈ ఎడం వల్ల డబ్బు నష్టం కూడా జరుగుతున్నది. గ్రానైట్ నేలలో నీరు ఉండేది రెండే చోట్ల: పైనున్న మొరంలో, దాని కింద పగుళ్ళలో. లోతుకు పోయినకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, మూసుకుపోతాయి. అయినా మొదటి బోరు ఎండిపోగానే ఇంకా లోతుకు వేస్తే నీళ్ళు పడతాయన్న ఆశతో అప్పు చేసి వేసినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. గ్రానైట్ అగ్నిశిల అని వాళ్ళ పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాశారు. ఆ రాయి పైన బరువు పోయినందువల్ల పగిలిందని, అందుకే పగుళ్ళు పైభాగంలోనే ఎక్కువని, నల్లరాయి డైకు అడ్డం ఉన్నచోట చాలాసార్లు ఎగువవైపు నీరు ఆగుతుందని మాత్రం ఏ పరీక్షా అడగలేదు. కాకతీయులు చెరువులు కట్టించడంలో ఈ నేల స్వభావం పట్ల ఉన్న తెలివి కనిపిస్తుంది: లోపల నీరు దాచుకోలేని రాయి మీద పైన నీరు ఆపడమే దారి.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. బోరు వేసేటప్పుడు మిషను పక్కన పొడి కుప్పలు కుప్పలుగా పడుతుంది. మొదట ఎర్రమట్టి, తరువాత ముతక మొరం, ఆ తరువాత తెల్లటి లేదా గులాబీ రంగు గ్రానైట్ పొడి, డైకు తగిలితే నల్లపొడి. ప్రతి ఊరి బడిలో, ఊళ్ళో వేసిన ప్రతి బోరు పొడిని ఇరవై అడుగులకు ఒక గుప్పెడు చొప్పున సీసాల్లో పోసి, లోతు, పొలం సర్వే నంబరు, నీళ్ళు పడిన లోతు చీటీ మీద రాసి అంటించి, వరుసగా పెట్టవచ్చు. సీసాలకు ఖర్చు లేదు, బోరు వేసేవాళ్ళు అడిగితే కాదనరు. కొన్నేళ్ళకు ఆ అలమారలో ఊరి కింద ఏమున్నదో కనిపిస్తుంది, తరువాతి బోరు వేయబోయేవాడు వచ్చి చూసుకొని పోవచ్చు. శిలాచక్రం పాఠం ఆ అలమార ముందు నిలబడి చెబితే నాకు అభ్యంతరం లేదు.